సన్నజాజి పందిరికి నల్లనూనె

మా సన్నజాజి పందిరి కూలినప్పుడు నాన్న దాని కింద గడ్డం గీసుకుంటున్నాడు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. పందిరి రాటకు మేకు కొట్టి, మేకుకు అద్దం తగిలించి, ఒక బుగ్గ గీసుకుని రెండో బుగ్గకు సబ్బు రాసుకుంటుంటే అద్దంలో తన ముఖం మెల్లగా పక్కకు వాలడం మొదలుపెట్టిందట. ముందు తనకే తల తిరుగుతోందనుకున్నాడు. ఆలోగా వాసాలు నెత్తిన పడ్డాయి.

చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆకుల కుప్పలోంచి సబ్బు నురగతో సగం ముఖం బయటికొచ్చింది. అమ్మ ఆ ముఖాన్ని చూసి, "తీగ తెగిందాండీ?" అని అడిగింది.

నాన్న ఆ మాటను బతికినన్నాళ్ళూ మర్చిపోలేదు. ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు ఆ కథ చెప్పేవాడు. అమ్మ కాదనేది కాదు. "మనిషి కనిపిస్తూనే ఉన్నాడు కదా, కనిపించనిదాన్ని గురించే కదా అడుగుతాం" అనేది. న్యాయం అమ్మ వైపే ఉందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

డెబ్భైల మొదట్లో సంగతి ఇది. మా ఇల్లు పటమట దాటాక బందరు కాలువ వైపు ఉండేది. నేల నల్లరేగడి. పైగా కాలువ ఊట. వానాకాలం వచ్చిందంటే పెరట్లో పాతిన ఏ కర్రా నిలిచేది కాదు. పైకి నిక్షేపంగా కనిపించేది, నేలను తాకేచోట మాత్రం తడిసిన బిస్కెట్టులా అయిపోయేది. కూలిన పందిరి రాటలను నాన్న బొటనవేలితో నొక్కి చూశాడు. గోరు మొత్తం దిగింది. రాటలు పుచ్చిపోయి చాలా కాలమే అయిందనీ, ఇన్నాళ్ళూ పందిరిని మోసింది తీగేననీ అప్పుడు తెలిసింది.

ఆ తీగ గురించి చెప్పకపోతే ఈ కథ ఎవరికీ అర్థం కాదు. మాది క్రైస్తవ కుటుంబం. అందులోనూ నాన్నవాళ్ళది తెల్లబట్టల కూడిక. ఆదివారం ఆడా మగా అందరూ తెల్లబట్టలతో వస్తారు. నగలు పెట్టుకోరు, పూలు పెట్టుకోరు. అమ్మ పుట్టిల్లు గుడివాడ వైపు పల్లెటూరు. వాళ్ళదీ చర్చి కుటుంబమే గాని, అక్కడి ఆడవాళ్ళు తలనిండా పూలు పెట్టుకుని, గాజులు గలగలలాడిస్తూ పాటలు పాడతారు. పెళ్ళయి ఈ గడప దగ్గరికి వచ్చిన రోజునే మా నాయనమ్మ అమ్మ జడలోంచి పూలు తీయించింది. అమ్మ తీసేసింది. ఆ తరవాత మొదటిసారి పుట్టింటికి వెళ్ళి వచ్చేటప్పుడు, వాళ్ళమ్మ వాకిట్లోని సన్నజాజి కొమ్మను తడిగుడ్డలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దాన్ని మా ఇంటి ముందు పాతింది. తలలో ఒక్క పువ్వు కూడా పెట్టుకోలేదు. ఎవరు అడగగలరు?

నాన్నను కూడికలో ఒకసారి అడిగారట. "తలలో పూసినదాని గురించే కదండీ మన మాట. తీగకు పూసినదాని గురించి ఏమీ అనుకోలేదు కదా" అన్నాడట. మా నాన్న రైల్వేలో పట్టాల విభాగంలో పనిచేసేవాడు, లాయరు కాదు. అయినా అవసరమైనప్పుడు ఆ విద్య ఎక్కణ్ణుంచో వచ్చేది.

సాయంత్రమయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళంతా మా పందిరి కింద చేరేవాళ్ళు. అమ్మ వాళ్ళతో కబుర్లు చెబుతూ మాలలు కట్టిచ్చేది. పక్కింటి పిన్నిగారు అందరికంటే ముందొచ్చేది, అందరికంటే పెద్ద మాల పట్టుకెళ్ళేది. అందరూ పూలు పెట్టుకుని వెళ్ళిపోయాక అమ్మ ఖాళీ చేతులు ముఖానికి అడ్డుగా పెట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది. వాసన చూసుకునేదని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. పందిరి కూలేనాటికే గుడివాడ వైపు ఆ ఇల్లూ లేదు, ఆ వాకిలీ లేదు. రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేశారు. అక్కడి సన్నజాజిలో మిగిలింది మా ఇంటి ముందున్నదే.

పందిరి పడిన సాయంత్రం, నాన్న నుదుటి మీద బొప్పిని పరామర్శించడానికి కూడిక పెద్ద వచ్చారు, భార్యతో కలిసి. ఆయన చెడ్డవాడు కాదు. జబ్బుచేసినవాళ్ళ మంచం పక్కన రాత్రిళ్ళు కూర్చునేవాడు. కాని పూల విషయం వచ్చేసరికి ఆయన ముఖం బిగుసుకుపోయేది. నేల మీద పరుచుకుని ఉన్న తీగను చేతికర్రతో చూపించి నాన్నతో అన్నారు.

"సహోదరుడా, దేవుడే దీన్ని పడగొట్టాడు. మళ్ళీ లేపకండి. పొద్దు గూకితే ఊళ్ళో వాళ్ళంతా పూల కోసం మన విశ్వాసుల గుమ్మం ముందే చేరుతున్నారు. చూసేవాళ్ళకు ఎట్లా ఉంటుంది? నెలాఖరు ఆదివారం కూడిక మీ ఇంట్లోనే కదా. ఆ రోజు అందరి ముందూ ఒక మాట అనుకుని, దీన్ని మొదలంటా తీసేద్దాం."

అమ్మ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. నాన్న తల ఊపాడు. ఆ ఊపడం అవునో కాదో నాకు తెలియలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనప్పుడు టీచర్ ట్రైనింగులో ఉన్నాను, నోరు కాస్త ఎక్కువే. కాని పెద్దవాళ్ళ ముందు ఆ నోరు మూసి ఉంచే అలవాటు కూడా అమ్మ నేర్పింది. నాన్న సంగతి నాకు తెలుసు. ఆయన పట్టాల మీద సిగ్నలుకూ, కూడికలో పెద్దల మాటకూ ఎదురెళ్ళిన మనిషి కాదు. అందరి ముందూ మాట అయిపోయిందంటే తీగ పోయినట్టే.

వాళ్ళు వెళ్ళాక నాన్న బొప్పి తడుముకుంటూ వంటింటి వైపు తిరిగి, "కూడికకు వచ్చేవాళ్ళు లోపల పట్టరు. వానో ఎండో, నీడ కావాలి. పందిరి వెయ్యాల్సిందే" అన్నాడు.

"వెయ్యండి. మరి తీగ?" అంది అమ్మ.

"పందిరి వేస్తే తీగ దానంతటదే ఎక్కుతుంది. నేను ఎక్కమన్నానా?"



రాటల కోసం మావయ్యకు కబురు పెట్టారు. మావయ్య అమ్మకు తమ్ముడు. ఆటోనగర్లో లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. నాలుగు మద్ది రాటలు రిక్షాలో వేయించుకుని, వాటి పక్కన రంగు డబ్బాలు పెట్టుకుని దిగాడు. నాన్న అప్పటికే తన డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ ఒకరి డబ్బా ఒకరు చూసుకున్నారు. అప్పుడు మొదలైంది గొడవ.

నాన్న డబ్బాలో ఉన్నది రైలు పట్టాల కింద పరిచే స్లీపరు చెక్కలకు పట్టించే నూనె. క్రియోసోట్ అంటారు, మా ఇంట్లో నల్లనూనె అనేవాళ్ళం. వేలంలో పాత స్లీపర్లతో పాటు మిగిలిన నూనె కూడా కొన్న ఒకతని దగ్గర డబ్బు ఇచ్చి తెచ్చుకున్నాడు. డిపార్టుమెంటుది చుక్క కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు. ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. నాన్నకు అది సుగంధం. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

"చూడవోయ్" అన్నాడు మావయ్యతో. "రాట నేల కింద పుచ్చదు, నేల పైన పుచ్చదు. నేలా గాలీ కలిసేచోట పుచ్చుతుంది. అక్కడ తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది, చెదలుకు హాయిగా ఉంటుంది. నీ రంగు పైన పూసే చొక్కా. నా నూనె లోపలికి ఇంకుతుంది. నూనె తాగిన స్లీపరు మీద ఏళ్ళ తరబడి రైళ్ళు పోతుంటే చూస్తున్నాను నేను."

"మీ స్లీపరు ఎవరి ఇంటి ముందుంటుంది బావగారూ? అది పట్టాల కింద ఉంటుంది. ఎట్లా ఉన్నా అడిగేవాడు లేడు" అన్నాడు మావయ్య. "నా లారీలు ఇక్కణ్ణుంచి కలకత్తా పోయొస్తాయి. ఎండా వానా బురదా అన్నీ చూస్తాయి. ఎర్ర ప్రైమరు ఒకసారి, దాని మీద ఎనామిల్ రెండుసార్లు. చెక్క పగలనియ్యదు, నీళ్ళు దిగనియ్యదు. పైగా అక్క ఇంటి ముందు కాస్త కళగా ఉండద్దా?"

గోడ మీంచి ఈ వాదన వింటున్న పక్కింటి పిన్నిగారు ఊరుకోలేకపోయింది. "అన్నయ్యగారూ, మా పుట్టింట్లో పడవలకు జీడి నూనె పూసేవాళ్ళండీ. దాన్ని మించింది లేదు" అని, మర్నాడు ఒక సీసాడు తెప్పించి ఇచ్చింది కూడా. ఒంటికి తగిలితే పొక్కుతుందని చెప్పే ఇచ్చింది. మావయ్య మాత్రం మూత తీసి, వేలితో చిక్కదనం చూసి, ఆ వేలితోనే మీసం దువ్వుకున్నాడు. సాయంత్రానికి పైపెదవి బూరెలా పొంగింది. నాలుగు రోజులు పిల్లలు ఆయన్ని చూసి దాక్కున్నారు. జీడి నూనె ప్రస్తావన అక్కడితో ముగిసింది. నాన్న మావయ్య పెదవి మీద జాలి చూపించినట్టే చూపించి, "లోపలికి ఇంకిందంటావా?" అని అడిగాడు.

అమ్మ ఈ గొడవలో అడిగింది ఒక్కటే. "మీ నల్లనూనె నా తీగకు తగిలితే?"

అది వట్టి భయం కాదు. అంతకుముందు ఏడు పెరటి దడికి నాన్న ఆ నూనెనే పూశాడు. దడి బాగానే ఉంది. దడి వెంట వేసిన గోంగూర మాత్రం నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయింది. కూరలోకి లేకుండా పోయిందని నాన్నే ఎక్కువ బాధపడ్డాడు. అందుకని అమ్మ అలా అడిగేసరికి నాన్న డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

చివరికి రాజీ కుదిరింది. వీధి వైపు రెండు రాటలకు నల్లనూనె. ఇంటి వైపు, తీగ మొదలు పక్కనున్న రెండింటికీ మావయ్య రంగు. తన రెండింటినీ నాన్న మూడు పూటలు నూనె తాగించాడు. చెక్క అడుగును డబ్బాలోనే నిలబెట్టాడు. మావయ్య తన రెండింటినీ గరుకు కాగితంతో రుద్ది, పగుళ్ళలో లప్పం నింపి, ఎర్ర ప్రైమరు వేసి, దాని మీద లారీ ముందు భాగానికి వేసే గాఢమైన పసుపు పూశాడు. పాతేటప్పుడు మాత్రం నాన్న పట్టుబట్టాడు. గుంటల్లో మట్టి పోయనివ్వలేదు. పట్టాల కింద వేసే కంకర లాంటిదే ఒక బండెడు తోలించి, రాట చుట్టూ కూరి, నీళ్ళు నిలవకుండా చేశాడు. తీగ మొదలు పక్కనైతే కంకర రాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో పెట్టాడు, వేరు నలగకుండా. నల్లనూనె అంటిన చేతుల్ని అంతకుముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని మరీ వచ్చాడు. అది నేను చూశాను. అమ్మ కూడా చూసింది, కాని చూడనట్టు బియ్యం ఏరుకుంటూ ఉంది.

పందిరి నిలబడింది. తీగను మెల్లగా ఎత్తి వాసాల మీదికి ఎక్కించారు, నాన్న తన మాట ప్రకారం చెయ్యి వెయ్యకుండా దూరంగా నిలబడి "అటు కాదు, ఇటు" అంటుంటే.

ఇక ఆదివారం మాత్రమే మిగిలింది. అమ్మకు అన్నం సయించడం లేదు. పూలు కోస్తూ మధ్యలో ఆగిపోయేది. ఒకరోజు పిన్నిగారి చేతిలో కత్తిరించిన కొమ్మ ఒకటి పెట్టి, "మీ వాకిట్లో పాతుకోండి, బతికితే బతుకుతుంది" అంది. నాకు ఏడుపొచ్చింది. నాన్న మీద కోపం కూడా వచ్చింది. రాటల గురించి అంత వాదించే మనిషి, తీగ గురించి ఆ పెద్దాయనతో ఒక్క మాట అనలేడా అని. పిన్నిగారు పాతిన కొమ్మ వారంలో వాడిపోయింది.

శుక్రవారం నాన్న డ్యూటీకి వెళ్ళిన సమయంలో మావయ్య తన లారీ పెయింటరుతో దిగాడు. "ఏంటక్కా ఇది? రెండు కాళ్ళు పసుపు, రెండు కాళ్ళు బొగ్గు. ఆదివారం అంతమంది వస్తుంటే" అన్నాడు. అమ్మ వద్దంటున్నా వినలేదు. నల్లనూనె రాటల మీద కూడా ప్రైమరు కొట్టించి, అది ఆరకుండానే పసుపు వేయించాడు. అంతటితో ఆగినా బాగుండేది. వీధి వైపు రాట మీద, పందిరి లోపలివైపు, నిలబడిన మనిషి వీపు ఎత్తున, ఒక పువ్వు వెయ్యమన్నాడు. సన్నజాజి వెయ్యమనే చెప్పాడు. ఆ పెయింటరుకు వచ్చింది లారీ తలుపు మీద వేసే ఎర్ర గులాబీ ఒక్కటే. రెండు పచ్చటి ఆకులతో సహా దాన్నే వేశాడు.

"దీని కింద నల్లనూనె ఉంది కదా మావయ్యా, ఆరుతుందా?" అని అడిగాను.

"గ్రీజు మీద కూడా పట్టే ప్రైమరమ్మా ఇది" అన్నాడు.

శనివారం పొద్దున డ్యూటీ దిగి వచ్చిన నాన్న గేటు దగ్గరే ఆగిపోయాడు. పసుపు మీద గోధుమ రంగు మచ్చలు తేలి, రాటకు ఏదో జబ్బు చేసినట్టుంది. బొటనవేలు ఆనించి చూశాడు. వేలికి పసుపంటింది, దాని వెనకాలే నలుపు కూడా వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. "ఇది ఆదివారానికి కాదు, క్రిస్మస్‌కు కూడా ఆరదు" అన్నాడు. గీకడానికి టైము లేదు. గీకితే ఇంకా బురదవుతుంది. అందుకని కూడిక రోజు పొద్దున్నే ఆ రెండు రాటల ముందూ కుర్చీలు అడ్డంగా పెట్టాడు, ఎవరూ ఆనుకోకుండా. నాన్న చేసిన ఏర్పాటు అది. ఈ విషయం గట్టిగా చెబుతున్నాను, తరవాత జరిగినదంతా ముందే అనుకుని చేశాడని మావయ్య ఊరంతా ప్రచారం చేశాడు కాబట్టి.

ఆదివారం అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. పందిరి కింద చాపల మీద ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, అందరూ తెల్లగా. ఆలస్యంగా వచ్చిన ముసలివాళ్ళకు కుర్చీలు కావాల్సి వచ్చాయి. ఎవరో అడ్డం పెట్టినవి తీసి ఇచ్చేశారు. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు.

పెద్దాయన వాక్యం చెప్పారు. అలంకారాల గురించే చెప్పారు. బాహ్యమైన సొగసు, జడలు, పూలు, లోకం. నెత్తి మీద నాన్న ఎక్కించని తీగ గుత్తులు గుత్తులుగా మొగ్గలు వేసి ఉంది. నేను అమ్మ వంకే చూస్తున్నాను. అమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. వాక్యం అయ్యాక ఆయన, "ముందు ప్రార్థన చేసుకుని, ఆ తరవాత ఈ ఇంటి విషయం ఒకటి మాట్లాడుకుందాం. గృహస్థుడు ప్రార్థన చేస్తాడు" అన్నారు. అందరూ లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు.

మా కూడికలో ప్రార్థన మొదలైతే ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవరు. చంటిపిల్లలు కూడా తెరవరు. నేను మాత్రం చిన్నప్పటినుంచీ తెరిచేదాన్ని. అందరూ ముఖాలు ఎలా పెడతారో చూడటం నాకు ఇష్టం. ఆ రోజు తెరిచి చూస్తే, చాలాసేపు నిలబడి అలసిపోయిన పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేసి, కళ్ళు మూసుకునే హాయిగా గులాబీ రాటకు వీపు ఆనించారు.

నాకు నవ్వు ముంచుకొచ్చింది. పైట నోట్లో కుక్కుకున్నాను.

నాన్న ప్రార్థనలు కూడికలోకెల్లా చిన్నవి. కృతజ్ఞత, ఆరోగ్యం, ఆమెన్. అప్పటికే ఆమెన్ దగ్గరికి వచ్చేశాడు. ఎందుకో కళ్ళు తెరిచాడు. బహుశా రాట సంగతే గుర్తొచ్చిందేమో. పెద్దాయన్ని చూశాడు, ఆయన వీపు వెనక ఏముందో ఆయన కంటే బాగా తెలిసినవాడు. తరవాత నన్ను చూశాడు. నా కళ్ళు తెరిచి ఉండటం కూడా చూశాడు. ఒక మాట చెబితే చాలు, ఒక దగ్గు దగ్గినా చాలు. నాన్న మెల్లగా కళ్ళు మూసుకున్నాడు.

"మరియు ప్రభువా" అన్నాడు.

ఆ తరవాత నాన్న చేసిన ప్రార్థన లాంటిది మా కూడిక అంతకుముందు వినలేదు. దేశాన్ని, ప్రభుత్వాన్ని, ఆసుపత్రిలో ఉన్న విశ్వాసుల్ని ప్రభువు చేతికి అప్పగించాడు. బ్యారేజీ గేట్ల దగ్గర పనిచేసేవాళ్ళను, బందరు కాలువను, ఏలూరు కాలువను, వాటి కింద నాట్లు వేసినవాళ్ళను అప్పగించాడు. రైళ్ళను, డ్రైవర్లను, గ్యాంగు కూలీలను, పట్టాలను, బోల్టులను ఒక్కోదాన్నీ అప్పగించాడు. ఆటోనగర్లో ఉన్న తన బావమరిదిని, అతని లారీలను, అతని పెయింటరుకు దేవుడిచ్చిన నైపుణ్యాన్ని తలుచుకున్నాడు. మద్రాసు వైపు పోయే బండ్లు అయ్యాక వాల్తేరు వైపు పోయేవాటికి వచ్చాడు. చాపల మీద నిలబడ్డవాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నారు. పెద్దాయన మాత్రం "అవును ప్రభువా" అంటూ ఇంకా గట్టిగా ఆనుకున్నారు. ఆయనకు నాన్నలో ఇంత భక్తి ఉందని అంతవరకూ తెలియదు. ముఖం సంతోషంతో వెలిగిపోతోంది.

ఎట్టకేలకు ఆమెన్ వచ్చింది.

పెద్దాయన ముందుకు అడుగేశారు. చొక్కా రాలేదు. రెండోసారి గట్టిగా కదిలితే పట్టీ పీకినట్టు చప్పుడైంది. ఆయన తడబడి, ఏదో అంటుకుందనుకుని భుజం దులుపుకున్నారు. తరవాత విషయానికి వద్దామని, చాపల మధ్యగా తీగ మొదలు దాకా నడిచి, దాన్ని చూపించడానికి చేతికర్ర ఎత్తి ఇంటి వైపు తిరిగారు. అంటే చాపల మీదున్న వాళ్ళందరికీ వీపు చూపించారు.

తెల్లటి చొక్కా మధ్యలో ఎర్ర గులాబీ. రెండు పచ్చటి ఆకులు. చుట్టూ పసుపు, నల్లటి అంచు. పెయింటరు వేసిన దానికంటే బాగా వచ్చింది.

"సహోదరులారా, సహోదరీలారా, ఈ పూల విషయంలో" అని మొదలుపెట్టారాయన.

ముందు ఎవరు నవ్వారో నాకు తెలుసు. ఆయన భార్యే. తెల్లచీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆవిడ నవ్వడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. ఆమె నవ్వాక మిగతావాళ్ళకు అనుమతి దొరికినట్టయింది. గోడ అవతల పిన్నిగారు, "పెద్దయ్యగారికి భలే పూసిందండీ" అంది, ఎవరూ అడగకపోయినా. పెద్దాయన చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నారు. వేళ్ళకు ఎరుపంటింది. రాట వైపు చూశారు. అక్కడ గులాబీ సగమే ఉంది. మిగతా సగం ఎక్కడికి వెళ్ళిందో ఆయనకు అప్పుడు అర్థమైంది.

ఆయన భార్య లేచి వచ్చి, ఆయన భుజం మీది కండువా తీసి వీపు మీద కప్పింది. "ఇంటికి పదండి. ఒంటినిండా పూలేసుకుని పూల మాట మీరేం మాట్లాడతారు" అంది, మామూలు గొంతుతోనే.

పెద్దాయన అమ్మ వైపు చూశారు. అమ్మ ఒక్కతే నవ్వడం లేదు. కొంగు అంచు వేలికి బిగించి చుట్టుకుని, ఆయన ఏమంటారా అని చూస్తోంది. ఆయన చేతికర్ర దించేశారు. "ఉండనివ్వండమ్మా" అన్నారు. "నీడగా ఉంది." ఇంకెప్పుడూ ఆ విషయం ఎత్తలేదు.

ఆ చొక్కాను ఆయన భార్య కిరసనాయిలుతో రుద్దింది, ఎండేసింది, మళ్ళీ రుద్దింది. రంగు పోయింది గాని నల్లనూనె మరక పోలేదట. ఈ సంగతి చెప్పడానికే ఒక సాయంత్రం మా పందిరి కిందికి వచ్చింది. ఆ తరవాత అప్పుడప్పుడూ వస్తూ ఉండేది. పూలు పెట్టుకునేది కాదు. అమ్మ పక్కన కూర్చునేది, అంతే.

ఆ రాటలు చాలా ఏళ్ళు నిలిచాయి. ఏది గెలిచిందని అడిగితే ఇద్దరూ తమదే అనేవాళ్ళు. నాకైతే కంకర గెలిచిందనిపిస్తుంది. ప్రతి ఏడూ తొలకరికి ముందు నాన్న రాటలను గీకి, గరుకు కాగితం పట్టి, మావయ్య ఇచ్చిన పసుపే మళ్ళీ వేసేవాడు. అప్పటికి ఆయనకు ఆ రంగు నచ్చడం మొదలైంది, ఒప్పుకోలేదు గాని. రాట మొత్తం వేసేవాడు. సగం మిగిలిన ఆ గులాబీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుంచెను చుట్టూ తిప్పి వదిలేసేవాడు.

అమ్మ ప్రతి ఏడూ వాకిట్లోకి కాఫీ తెచ్చి అడిగేది. "అక్కడ వదిలేశారేం?"

"అక్కడ రంగు పట్టదు. కింద నూనె ఇంకా ఆరలేదు" అనేవాడు నాన్న.

అమ్మ కొంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆ ఆదివారం ప్రార్థన అంత పొడుగు ఎందుకైందో ఆమె ఎన్నడూ అడగలేదు. నల్లనూనె ఎన్నాళ్ళకు ఆరుతుందో మా ఇంట్లో నాన్న కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.